టీనేజ్ పిల్లలు ఒంటరిగా ఊరెళ్తున్నారా? టికెట్ నుంచి ఇంటి గుమ్మం దాకా సమగ్ర మార్గదర్శి

దసరా, సంక్రాంతి సెలవులు దగ్గరపడ్డాయంటే చాలామంది తల్లిదండ్రులు అడిగేది ఒకటే: "మా వాడు ఇంటర్ చదువుతున్నాడు. హాస్టల్ నుంచి ఒక్కడే వచ్చేస్తానంటున్నాడు. పంపాలంటే ఏమేం చూసుకోవాలి?" అమ్మాయి అయితే ఇదే ప్రశ్న ఇంకాస్త టెన్షన్‌తో వస్తుంది.

ఇక్కడ ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. హైదరాబాద్‌లో చదువుకుంటున్న 15-17 ఏళ్ల పిల్లలు రాత్రి రైల్లో శ్రీకాకుళం వెళ్తున్నారు. మీది కడపైనా ఖమ్మమైనా చేయాల్సిన పనులు దాదాపు ఇవే.

ఒక మాట ముందే చెప్పాలి. రైలెక్కి బెర్తు మీద కూర్చున్న పిల్లల గురించి మనం ఎక్కువ బెంగ పెట్టుకుంటాం గానీ, చిక్కులు ఎక్కువగా వచ్చేది మారే చోట్ల. హాస్టల్ గేటు నుంచి స్టేషన్‌కి వెళ్లేటప్పుడు, మధ్యలో నీళ్ల సీసా కోసం దిగినప్పుడు, తెల్లవారుజామున దిగి ఆటో వెతుక్కునేటప్పుడు. మీ తయారీలో సగం వీటికే కేటాయించండి.

## 1. ముందు చిన్న ప్రయాణంతో రిహార్సల్

మొదటిసారే పన్నెండు గంటల రాత్రి ప్రయాణం పెట్టకండి. నెలా రెండు నెలల ముందు పగటిపూట రెండు మూడు గంటల ప్రయాణం ఒకటి చేయించండి. మీరూ అదే రైల్లో ఉండండి, కానీ వేరే సీట్లో. టికెట్ చూపించడం, ప్లాట్‌ఫామ్ కనుక్కోవడం, దిగాక ఆటో మాట్లాడటం అన్నీ పిల్లలే చేయాలి. మధ్యలో మీరు కల్పించుకోకూడదు. అసలు కష్టం ఇదే, మనకి చెయ్యి ఊరుకోదు.

ఆ రోజు చూడాల్సినవి:

- కోచ్ ఎక్కడ ఆగుతుందో డిస్‌ప్లే బోర్డు చూసి తెలుసుకోగలుగుతున్నారా?
- తెలియనప్పుడు కౌంటర్లోనో, పోలీసునో అడుగుతున్నారా, లేక మొహమాటపడి గుంపు వెనకాల పోతున్నారా?
- ఎవరైనా సీటు మారమంటే "కుదరదండీ" అనగలుగుతున్నారా?
- అమ్మ నంబరు, నాన్న నంబరు ఫోన్ చూడకుండా చెప్పగలరా?

చివరిదాంట్లోనే చాలామంది ఆగిపోతారు. ఫోన్లో "అమ్మ" అని నొక్కడం తప్ప నంబరు ఎప్పుడూ చూసి ఉండరు. కనీసం రెండు నంబర్లు నోటికి వచ్చేదాకా ప్రయాణం వాయిదా వేసినా నష్టం లేదు.

## 2. టికెట్: ధర కన్నా ముందు దిగే టైము చూడండి

రైలు ఎంచుకునేటప్పుడు అది దిగే స్టేషన్‌కి ఎన్నింటికి చేరుతుందో మొదట చూడండి. రాత్రి రెండింటికి దింపే రైలు కన్నా ఉదయం ఆరింటికి దింపే రైలు వంద రెట్లు నయం. రైలు లేటైతే చేరేది పగటివేళకి జరుగుతుందా, రాత్రివేళకి జరుగుతుందా అన్నదీ లెక్క వేయండి. సాయంత్రం ఏడింటికి చేరే రైలు మూడు గంటలు లేటైతే పిల్లలు రాత్రి పదింటికి స్టేషన్లో ఉంటారు.

కన్ఫర్మ్ టికెట్ ఉంటేనే పంపండి. ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది. పండగ టికెట్లకి ఆ రోజే కూర్చోవాలి. ఆన్‌లైన్లో తీసుకున్న టికెట్ చార్ట్ తయారయ్యాక కూడా పూర్తిగా వెయిటింగ్ లిస్టులోనే ఉంటే దానంతటదే రద్దయిపోతుంది. దాన్ని నమ్ముకుని స్టేషన్‌కి పంపకూడదు. ఆర్ఏసీ వస్తే ఎక్కనిస్తారు గానీ, సైడ్ లోయర్ సీటు ఇంకొకరితో పంచుకోవాలి. ఒంటరిగా వెళ్లే పిల్లలకి అది వద్దనే నా సలహా.

అమ్మాయిలకి లేడీస్ కోటా. దూరప్రాంత మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్ల స్లీపర్ క్లాసులో ఆడవాళ్లకి ఆరు బెర్తులు విడిగా ఉంటాయి. బుక్ చేసేటప్పుడు కోటా దగ్గర "లేడీస్" ఎంచుకోవాలి. జనరల్ కోటాలో దొరకనప్పుడు ఇక్కడ దొరికిన సందర్భాలుంటాయి. చాలామంది ఆ మెనూ తెరిచి కూడా చూడరు.

బెర్తు. రాత్రి ప్రయాణానికి అప్పర్ బెర్తు మంచిది. పైకెక్కి పడుకుంటే దారిన పోయేవాళ్ల చేతికి అందరు, తమని ఎవరూ కదపరు. మిడిల్ బెర్తు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకానే వేసుకోవాలి కాబట్టి మిగతా టైమంతా కిందే కూర్చోవాలి.

స్లీపరా, థర్డ్ ఏసీనా? మామూలు రోజుల్లో స్లీపర్ చాలు. సంక్రాంతి ముందు రోజుల్లో మాత్రం రిజర్వేషన్ లేనివాళ్లతో స్లీపర్ బోగీలు కిక్కిరిసిపోతాయి, బాత్రూముకి వెళ్లడమే యుద్ధం. ఆ వారం రోజులు థర్డ్ ఏసీకి పెట్టే డబ్బు దండగ కాదు.

స్టేషన్ పేరు రెండుసార్లు చదవండి. సికింద్రాబాద్‌లో ఆధునికీకరణ పనులు మొదలయ్యాక కొన్ని రైళ్లు చర్లపల్లికి మారాయి. అక్కడ కొత్త టెర్మినల్ 2025 జనవరిలో ప్రారంభమైంది. మియాపూర్, నిజాంపేట వైపు హాస్టళ్ల పిల్లలకి అది నగరం అవతలి కొస, మెట్రో అక్కడిదాకా లేదు. దిగే వైపూ ఇదే గొడవ. కొన్ని రైళ్లు విశాఖపట్నంలోకి రాకుండా దువ్వాడ మీదుగా వెళ్లిపోతాయి. తిరుపతి అనుకున్నది రేణిగుంట కావచ్చు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉండేది ఊళ్లో కాదు, ఆమదాలవలసలో.

ఇంకో చిక్కు కూడా ఉంది. టికెట్లో ఎక్కే స్టేషన్ ఒకటి ఉండి పిల్లలు తర్వాతి స్టేషన్లో ఎక్కితే, ఈలోగా టీటీఈ బెర్తు ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. హాస్టల్‌కి దగ్గరగా ఉన్న స్టేషన్లో ఎక్కించాలనుకుంటే బోర్డింగ్ పాయింట్ ముందే మార్చండి.

## 3. కాగితాలు

పన్నెండేళ్లు నిండితే పూర్తి టికెట్టే కాబట్టి గుర్తింపు కార్డు కూడా పెద్దవాళ్లలాగే చూపించాలి. ఆధార్ ఉంటే మంచిది. గుర్తింపు ఉన్న కాలేజీ ఇచ్చిన ఫొటో ఐడీ కార్డు కూడా చెల్లుతుంది. డిజీలాకర్‌లోని ఆధార్ చూపించవచ్చు గానీ అది "ఇష్యూడ్ డాక్యుమెంట్స్" విభాగంలో ఉన్నదే అయి ఉండాలి. మనం ఫొటో తీసి పెట్టుకున్నది లెక్కలోకి రాదు.

రెండోది, మీ చేత్తో రాసిన చిన్న ఉత్తరం. "మా అబ్బాయి ఫలానా రోజు ఫలానా రైల్లో మా అనుమతితోనే వస్తున్నాడు" అని రాసి, సంతకం, ఫోన్ నంబరు పెట్టండి. ఇల్లు వదిలి పారిపోయే పిల్లల్ని, ఎవరో తీసుకుపోతున్న పిల్లల్ని గుర్తించడానికి రైల్వే పోలీసులు స్టేషన్లలో మైనర్ల మీద కన్నేసి ఉంచుతారు. వాళ్లు ఆపి అడిగితే కంగారు పడక్కర్లేదని, ఉత్తరం చూపించి మీతో మాట్లాడించాలని ముందే చెప్పండి.

మూడోది చీటీ. ఫోన్ పోయినా పనికొచ్చేది ఇదే. ఒకటి జేబులో, ఒకటి బ్యాగు లోపలి జిప్పులో. ఇలా రాయండి:

- పేరు, వయసు, రక్తపు గ్రూపు, పడని మందులు
- అమ్మ, నాన్న ఫోన్ నంబర్లు
- ఎక్కే ఊళ్లో ఒక బంధువు నంబరు, దిగే ఊళ్లో తీసుకెళ్లే మనిషి పేరు, నంబరు
- రైలు నంబరు, పీఎన్ఆర్, కోచ్, బెర్తు
- 139 రైల్వే, 112 పోలీసు, 1098 పిల్లల హెల్ప్‌లైన్

రైల్వే భద్రతకి పాత నంబరు 182 ఇంకా చాలామంది ఫోన్లలో ఉంది. 2021లో దాన్ని 139లో కలిపేశారు. మీ ఫోన్లో ఉంటే తీసేయండి.

హాస్టల్ ఔట్‌పాస్ సంగతి ప్రయాణం రోజు దాకా ఆపకండి. చాలా హాస్టళ్లు తల్లిదండ్రులు రాసిస్తే తప్ప బయటికి పంపవు. గేటు దగ్గర గంట పోతే ఆ తర్వాత అన్నీ ఉరుకులు పరుగులే.

## 4. డబ్బు, ఫోన్, బ్యాగు

డబ్బు రెండు చోట్ల పెట్టించండి. ఖర్చులకి చిల్లర జేబులో, ఇంటికి ఎలాగైనా చేరడానికి సరిపడా నోట్లు బ్యాగు అడుగున. ఫోన్‌పే ఉంది కదా అని నగదు లేకుండా పంపేస్తుంటారు. సిగ్నల్ లేని చోట, చార్జింగ్ అయిపోయిన రాత్రి అది పనిచేయదు.

ఫోన్‌లో చేయాల్సినవి:

1. లాక్ స్క్రీన్ మీదే కనిపించేలా అత్యవసర కాంటాక్టులు పెట్టండి.
2. ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ ఆన్ చేయండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్ ఐదుసార్లు వెంటవెంటనే నొక్కితే పనిచేస్తుంది. సెట్టింగ్స్‌లో చూసి నేర్పండి.
3. "వేర్ ఈజ్ మై ట్రైన్" యాప్ వేసి, దిగే స్టేషన్‌కి అలారం పెట్టడం నేర్పండి. ఇది సెల్ టవర్ల ఆధారంగా, ఇంటర్నెట్ లేకున్నా రైలు ఎక్కడుందో చూపిస్తుంది.
4. వాట్సాప్ లైవ్ లొకేషన్ గరిష్ఠంగా 8 గంటలే ఉంటుంది. సాయంత్రం ఎక్కేటప్పుడు పంపింది అర్ధరాత్రికి ఆగిపోతుంది. పడుకునే ముందు మళ్లీ పంపాలి.
5. టికెట్ స్క్రీన్‌షాట్ గ్యాలరీలో ఉంచండి.

పవర్‌బ్యాంక్ తప్పనిసరి. బ్యాగు విషయంలో ఒకటే సూత్రం: పిల్లలు తామే ఎత్తుకుని మెట్లెక్కగలిగినంతే. ఆవకాయ జాడీలు, అరిసెల డబ్బాలు తిరుగు ప్రయాణంలో బరువెక్కిస్తాయని తెలిసిందే. వాటిని కొరియర్లో పంపండి, లేదా మీరు వెళ్లినప్పుడు తీసుకెళ్లండి.

## 5. ముందే మాట్లాడుకోవాల్సిన మాటలు

"జాగ్రత్తగా వెళ్లు" అంటే ఏం చేయాలో పిల్లలకి తెలియదు. నోటికి అందేలా మాటలే ఇవ్వండి, ఇంట్లో ఒకసారి అనిపించండి.

- "ఒక్కదానివే వెళ్తున్నావా అమ్మా?" అని ఎవరైనా అడిగితే: "లేదండీ, మా బాబాయి వాళ్లు పక్క బోగీలో ఉన్నారు."
- తినడానికి ఏమైనా ఇస్తే: "వద్దండీ, నాకు పడదు." ఆ రెండు ముక్కలకి ఎవరూ బలవంతం చేయరు. టీ, బిస్కెట్, కూల్‌డ్రింక్, ప్రసాదం అన్నిటికీ ఇదే జవాబు.
- ఎవరైనా మీద చెయ్యి వేస్తే: "చెయ్యి తియ్యండి!" అని బోగీ అంతా వినిపించేలా. మెల్లగా అంటే లాభం లేదు.

అబద్ధాలు నేర్పిస్తున్నామేంటి అనుకునేవాళ్లుంటారు. అపరిచితుడికి తన ప్రయాణం గురించి నిజం చెప్పాల్సిన అవసరం పదహారేళ్ల పిల్లకి లేదు.

గుర్తు మాట. పక్కన ఎవరో ఉండి ఫోన్లో బాహాటంగా చెప్పలేని పరిస్థితి వస్తే ఒక మామూలు వాక్యం అనుకోండి. ఉదాహరణకి "అమ్మమ్మకి మందులు తెచ్చారా?" అంటే నాకిక్కడ ఇబ్బందిగా ఉంది, ఫోన్ పెట్టకు అని. మీరు అప్పుడు అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నలే అడగాలి: "నీ పక్కనే ఉన్నాడా?", "టీటీఈ కనిపిస్తున్నాడా?"

తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకీ ఒక రహస్య మాట ఉండాలి. "మీ నాన్న పంపారు" అన్నవాళ్లు ఆ మాట చెప్పలేకపోతే పిల్లలు కదలకూడదు, వాళ్లు మీ పేరు, ఊరు గడగడా చెప్పినా సరే.

తిట్టనన్న మాట. ఇది మీ వైపు నుంచి. ఫోన్ పోగొట్టుకున్నా, రైలు తప్పినా, స్నేహితుల మాట విని దారి మళ్లినా, మొదట ఫోన్ చేయాలి; ఆ ఫోన్లో తిట్లు ఉండవు. ఇది నోటితో చెప్పండి. నాన్న తిడతారని గంటసేపు ఫోన్ చేయకుండా తామే సర్దుకోవాలని చూసే పిల్లలే పెద్ద చిక్కుల్లో పడతారు. తిట్టాలనిపిస్తే ఇంటికొచ్చాక చూసుకోండి.

అబ్బాయిలకి ఈ మాటలు అక్కర్లేదని చాలా ఇళ్లలో అనుకుంటారు. అబ్బాయిల మీదా వేధింపులు జరుగుతాయి, వాళ్లు చెప్పుకోవడం ఇంకా తక్కువ. పిల్లలపై లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం 18 ఏళ్లలోపు ఎవరికైనా ఒకటే.

## 6. బయలుదేరే రోజు, వరసగా

1. ఉదయమే రైలు రద్దయిందా, స్టేషన్ మారిందా చూడండి. బుకింగ్‌లో మీ నంబరు ఇచ్చి ఉంటే మెసేజ్‌లు మీకే వస్తాయి, వెంటనే పిల్లలకి పంపండి.
2. గంట ముందు స్టేషన్లో ఉండేలా హాస్టల్ నుంచి కదలాలి. హైదరాబాద్ సాయంత్రం ట్రాఫిక్‌కి ఇంకో గంట కలుపుకోండి.
3. స్టేషన్‌కి క్యాబ్ అయితే నంబరు ప్లేటు సరిచూశాకే ఓటీపీ చెప్పాలి, వెనక సీట్లో కూర్చోవాలి, ట్రిప్ లింకు మీకు పంపాలి. క్యాబ్ యాప్‌లలో మామూలు ఖాతా 18 ఏళ్లు నిండినవాళ్లకే. ఊబర్‌లో 13-17 ఏళ్ల వాళ్లకి తల్లిదండ్రుల ఖాతాతో ముడిపడిన టీన్ ఖాతా ఉంది. అది లేకపోతే నగరంలో ఉన్న బంధువుని దింపమని అడగడం మేలు.
4. సికింద్రాబాద్ అయితే ఒకటో ప్లాట్‌ఫామ్ వైపు దిగాలా, బోయిగూడ వైపు పదో ప్లాట్‌ఫామ్ దగ్గర దిగాలా అన్నది ముందే చెప్పండి. తప్పు వైపు దిగితే సామానుతో వంతెన మొత్తం దాటాలి.
5. వెలుతురు, కుటుంబాలు ఉన్న చోట కూర్చోవాలి. ప్లాట్‌ఫామ్ చివర్లు వద్దు.
6. రైలు కదులుతుంటే పరిగెత్తి ఎక్కకూడదు. ఎదురుగా ఏ బోగీ ఆగితే అందులో ఎక్కి లోపల నుంచి నడవొచ్చు. ఈ సంగతి తెలియకే పిల్లలు తమ కోచ్ కోసం సామానుతో పరుగులు పెడతారు. జనరల్ బోగీల్లోంచి మాత్రం ఇలా దారి ఉండకపోవచ్చు.

మెసేజ్‌లు ముందే అనుకోండి, పొట్టిగా: "గేటు దాటాను." "ప్లాట్‌ఫామ్ మీదున్నా." "ఎక్కాను, బి2-22." "పడుకుంటున్నా." "విజయనగరం దాటింది." "దిగాను, మావయ్య కనిపించాడు." అంతే. అరగంటకోసారి "ఎక్కడున్నావ్?" అని ఫోన్ చేస్తే చార్జింగ్ అయిపోతుంది, ఒక్కరే వెళ్తున్నారని చుట్టుపక్కల అందరికీ తెలుస్తుంది.

అదే కారణంగా ఇంకోటి మానాలి. రైలెక్కించి, కిటికీ దగ్గర నిలబడి "మా అమ్మాయి ఒక్కతే వెళ్తోందండీ, కాస్త చూస్తుండండి" అని కూపే అంతా వినేలా చెప్పడం మనవాళ్లకి అలవాటు. చెప్పాలనుకుంటే పిల్లలతో ప్రయాణిస్తున్న ఒక తల్లికి, పక్కకి పిలిచి, నెమ్మదిగా చెప్పండి.

## 7. రాత్రి రైల్లో

ఎక్కగానే పెద్ద బ్యాగుని కింది బెర్తు అడుగున ఉండే రింగుకి గొలుసుతో కట్టాలి. ఫోన్, డబ్బు, ఐడీ ఉన్న చిన్న బ్యాగు తలకింద. ఫోన్‌ని తలుపు దగ్గరి ప్లగ్గులో పెట్టి పడుకోకూడదు.

కిటికీ పక్కన ఫోన్ చూస్తుంటే, రైలు స్టేషన్ నుంచి కదిలే క్షణంలో బయటి నుంచి లాక్కుపోతారు. ఆ రెండు నిమిషాలు ఫోన్ జేబులో ఉండాలి.

తలుపు దగ్గర నిలబడి రీల్స్ తీయడం, మెట్ల మీద కూర్చోవడం గురించి అబ్బాయిలకి గట్టిగానే చెప్పండి. ఫుట్‌బోర్డు ప్రయాణం రైల్వే చట్టం కింద నేరం కూడా.

నీళ్లు, తిండి బయలుదేరే ముందే సర్దితే మధ్య స్టేషన్లలో దిగే పని ఉండదు. విశాఖపట్నంలో మాత్రం విడిగా హెచ్చరించాలి. శ్రీకాకుళం వైపు వెళ్లే రైలు అక్కడికి చేరాక ఇంజన్‌ని రెండో వైపు తగిలిస్తారు. రైలు కాసేపు ఆగుతుంది, దిగి తిరగాలనిపిస్తుంది. కదిలాక ఎదురు దిశలో వెళ్తుంది. సగం నిద్రలో ఉన్న పిల్లలు "వెనక్కి పోతున్నాం" అని హడలిపోతారు. అది మామూలేనని ముందే చెబితే చాలు.

ప్రయాణంలో ఉండగా స్టేటస్‌లు వద్దు. టికెట్ ఫొటోలో పేరు, వయసు, కోచ్, బెర్తు అన్నీ ఉంటాయి. ఇంటికెళ్లాక ఎన్ని కావాలంటే అన్ని పెట్టుకోమనండి.

ఎవరైనా ఇబ్బంది పెడుతుంటే వెంటనే అక్కడి నుంచి లేచి కుటుంబాలున్న చోటికి వెళ్లాలి, తర్వాత టీటీఈకి చెప్పాలి, 139కి ఫోన్ చేయాలి. పీఎన్ఆర్, కోచ్, బెర్తు, రాబోయే స్టేషన్ చెబితే అక్కడ ఆర్పీఎఫ్ (రైల్వే భద్రతా దళం) వాళ్లు వస్తారు. రుజువులు సేకరించాలని, వీడియో తీయాలని ఆలస్యం చేయనక్కర్లేదు.

## 8. దిగడం, చివరి మైళ్లు

దిగాల్సిన టైముకి అరగంట ముందు అలారం ఉండాలి. ఒకటి రెండు నిమిషాలే ఆగే స్టేషన్లలో ముందే సామానుతో తలుపు వైపు రావాలి, కానీ లోపలే నిలబడాలి. ప్లాట్‌ఫామ్ ఏ వైపు వస్తుందో పక్కవాళ్లని అడగాలి. పూర్తిగా ఆగాకే దిగాలి. పట్టాలు దాటడం వద్దు, వంతెన ఎక్కాలి.

తీసుకెళ్లే మనిషి "స్టేషన్ బయట ఉంటా" అంటే సరిపోదు. ఏ ప్లాట్‌ఫామ్ మీద, ఏ బోర్డు కింద అన్నది చెప్పాలి. ప్లాట్‌ఫామ్ టికెట్ కొనుక్కుని లోపలికే రమ్మనండి.

ఆమదాలవలసలో దిగిన పిల్లలకి ఇంకా శ్రీకాకుళం దాకా రోడ్డు ప్రయాణం ఉంది. తీసుకెళ్లేవాళ్లు ఆలస్యమైతే బయట ఆటోవాళ్ల మధ్యకి వెళ్లకుండా వెయిటింగ్ హాల్లోనో, ఆర్పీఎఫ్ లేదా రైల్వే పోలీసు గది దగ్గరో కూర్చోవాలి. తెల్లవారాక కదలొచ్చు. ఆటోనే ఎక్కాల్సి వస్తే నంబరు ఫొటో తీసి పంపి, డ్రైవర్ వినేలా "నాన్నా, ఆటో నంబరు పంపాను చూడు" అని మీతో మాట్లాడాలి.

## 9. బస్సులో పంపేటప్పుడు తేడాలు

- నాకైతే ఆర్టీసీ బస్సు, బస్టాండు నుంచి బస్టాండుకి ఉన్నది నచ్చుతుంది. హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులోనో, విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లోనో రాత్రి పదకొండింటికీ మనుషులుంటారు. ప్రైవేటు ట్రావెల్స్ పికప్ పాయింట్ ఏదో షట్టర్ ముందు, చీకట్లో ఉంటుంది.
- చాలా బస్సులు ఊళ్లోకి రాకుండా బైపాస్‌లో దింపేస్తాయి. దిగే చోటు పేరు ముందే ఖరారు చేసుకుని, మీరు అక్కడే నిలబడండి.
- స్లీపర్ బస్సులో డబుల్ బెర్తులో పక్కన ఎవరొస్తారో తెలియదు. సింగిల్ బెర్తు తీసుకోండి.
- ఎక్కగానే అత్యవసర ద్వారం, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడున్నాయో చూసి ఆ తర్వాతే పడుకోవాలి. 2013 అక్టోబరులో పాలెం దగ్గర, 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర ప్రైవేటు బస్సులు రాత్రివేళ కాలిపోయిన సంగతి గుర్తుందిగా.
- డాబా దగ్గర ఆగినప్పుడు దిగే ముందు బస్సు నంబరు ప్లేటు ఫొటో తీయాలి. ఒకేలాంటి బస్సులు నాలుగు పక్కపక్కనే ఉంటాయి.
- టీజీఎస్‌ఆర్టీసీ బస్సులకి "గమ్యం" యాప్‌లో బస్సు ఎక్కడుందో చూడొచ్చు.
- అమ్మాయిలకి ఉచిత ప్రయాణం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లోనే, అదీ సొంత రాష్ట్రపు ఆర్టీసీలో. గుర్తింపు కార్డు చూపి జీరో టికెట్ తీసుకోవాలి. సూపర్ లగ్జరీకి డబ్బు కట్టాల్సిందే.

## 10. తేడా వస్తే ఏం చేయాలి

మధ్యలో దిగితే రైలు వెళ్లిపోయింది. వెనకాల పరిగెత్తొద్దు. నేరుగా స్టేషన్ మాస్టర్ దగ్గరికో, ఆర్పీఎఫ్ దగ్గరికో వెళ్లాలి. 139కి పీఎన్ఆర్ చెబితే సామాను ముందు స్టేషన్లో దింపించే ప్రయత్నం చేస్తారు. అపరిచితుడు "బైకు మీద తర్వాతి స్టేషన్లో ఎక్కిస్తా" అంటే ఒప్పుకోకూడదు.

నిద్రపోయి స్టేషన్ దాటిపోయింది. చైన్ లాగొద్దు. సరైన కారణం లేకుండా లాగడం నేరం, పైగా దిగేది ఊరు పేరు తెలియని చోట. టీటీఈకి చెప్పి, తర్వాతి పెద్ద స్టేషన్లో దిగి, అక్కడ పోలీసు గది దగ్గర ఉండి మీకు ఫోన్ చేయాలి.

ఫోన్ పోయింది. చీటీ తీసి టీటీఈ ఫోన్ నుంచో, పక్కనున్న కుటుంబం ఫోన్ నుంచో మీకు చేయాలి. మీరు వెంటనే సిమ్ బ్లాక్ చేయించి, బ్యాంకుకి చెప్పి యూపీఐ ఆపించండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మెసేజ్ రావాల్సిన టైముకి రాలేదు. ముందు రైలు ఎక్కడుందో చూడండి. సిగ్నల్ లేని చోట ఉంటే అరగంట ఆగండి. తర్వాత ఫోన్. దిగాల్సిన టైము దాటినా జవాబు లేకపోతే 139కి, 112కి రెండింటికీ చేయండి. ఇరవై నాలుగు గంటలు ఆగాలన్నది అపోహ. పిల్లలు కనిపించకపోతే ఏ పోలీస్ స్టేషన్లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, మా పరిధి కాదని తిప్పి పంపకూడదు. జీరో ఎఫ్ఐఆర్ అని అడగండి.

ఒంట్లో బాగాలేదు. టీటీఈకో, 139కో చెబితే ముందు స్టేషన్లో వైద్య సాయం ఏర్పాటు చేస్తారు. పిల్లలకి ఆస్తమా, ఫిట్స్ లాంటివి ఉంటే మందు చిన్న బ్యాగులోనే, షీటు మీద పేరు కనిపించేలా ఉండాలి.

## 11. ఇంటికి చేరాక

అన్నం పెట్టి, నిద్రపోనిచ్చి, ఆ తర్వాత కూర్చోండి. మూడు ప్రశ్నలు చాలు: ఎక్కడ కంగారు పడ్డావు? ఎవరి ప్రవర్తనైనా తేడాగా అనిపించిందా? తిరిగి వెళ్లేటప్పుడు ఏం మారుద్దాం?

"నేను చెప్పానా" అన్న మాట రాకూడదు. పిల్లలు చెప్పిన మార్పుల్లో కనీసం ఒకటి తిరుగు ప్రయాణంలో చేసి చూపించండి, అది బెర్తు మార్చడమైనా సరే. తిరుగు టికెట్ ఈసారి వాళ్ల చేతే బుక్ చేయించి, మీరు స్టేషన్ పేరు, తేదీ, చేరే టైము మాత్రం సరిచూడండి. చీటీ కొత్తది రాయండి. పాతదాంట్లో పీఎన్ఆర్, బెర్తు మారిపోతాయి.